గౌట్ ఉన్న పాదానికి పాదరక్షలు: దశను గుర్తించడం, కొలవడం, ఎంచుకోవడం, సరిచేసుకోవడం

"యూరిక్ యాసిడ్ ఉంది, ఏ చెప్పులు వేసుకోవాలి?" అని అడిగేవారిలో చాలామంది ఒక జత పేరు చెబితే చాలనుకుంటారు. అలా చెప్పడం కుదరదు, ఎందుకంటే గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్ళలో స్ఫటికాలుగా పేరుకుని నొప్పి, వాపు తెచ్చే జబ్బు) ఉన్న పాదం ఎప్పుడూ ఒకేలా ఉండదు. మంట లేచిన రాత్రి దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేని అదే బొటనవేలు, రెండు వారాలు గడిచేసరికి షూలో మామూలుగా ఇమిడిపోతుంది. ఆ రెంటికీ నడుమ ఉండే రోజుల్లో తొందరపడి బిగుతు జత తొడిగితే, తగ్గుతున్న నొప్పి మళ్ళీ నిలబడిపోతుంది. కాబట్టి పాదం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తేలాకే ఏ జత అన్న మాట వస్తుంది.

ఒక విషయం ముందే స్పష్టం చేయాలి. పాదరక్షలు యూరిక్ యాసిడ్‌ను తగ్గించవు, కీళ్ళలో పేరుకున్న స్ఫటికాలను కరిగించవు. రక్తంలో యూరిక్ యాసిడ్‌ను డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపు, ఆ స్ఫటికాలు చర్మం కింద గడ్డలు కట్టినవారిలో 5 లోపు ఉంచడం మందులు చేయవలసిన పని. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గౌట్ ఉన్నవారికి మంచి వాకింగ్ షూ ఇచ్చి ఆరు నెలలు గమనించిన పరీక్షలో కూడా, షూ పాదానికి కుదరడం, సౌకర్యం మెరుగుపడ్డాయి గాని ఆరు నెలల చివర పాదం నొప్పిలో చెప్పుకోదగిన తేడా తేలలేదు. నొప్పి ఉన్న కీలు మీద ఒత్తిడిని, రాపిడిని, వంపును తగ్గించడం వరకే పాదరక్షల పని. ఆ పని సరిగా జరిగితే నడక నిలబడుతుంది. జరగకపోతే మందులు వాడుతున్నా ప్రతి అడుగూ భారమవుతుంది.

1. పాదం ఏ దశలో ఉందో తేల్చుకోండి

మంచం మీద కూర్చుని, బొటనవేలు పాదంతో కలిసే చోట లోపలి వైపు ఉబ్బెత్తుగా ఉండే ఎముక మీద చూపుడు వేలిని ముందు ఆనించండి, తర్వాత కొద్దిగా నొక్కండి. గౌట్ మొట్టమొదట పట్టేది ఎక్కువగా ఈ కీలునే కనుక, ఇకపై "బొటనవేలి కీలు" అన్నప్పుడల్లా ఇదేనని గ్రహించండి.

- మంట దశ: వేలు ఆనిస్తేనే నొప్పి ఉంటుంది. చర్మం వేడిగా, బిగిసి నిగనిగలాడుతూ ఉంటుంది. చామనఛాయ చర్మంలో ఎరుపు తెలియకపోవచ్చు కనుక రెండో పాదంతో పోల్చి వేడిని చూడండి.
- తగ్గుదల దశ: ఆనిస్తే నొప్పి ఉండదు, నొక్కితే ఉంటుంది. వాపు దిగి చర్మం ముడతలు పడుతుంది, ఒక్కోసారి పొట్టులా రాలుతుంది.
- నెమ్మది దశ: నొక్కినా, వేలిని చేత్తో పైకి వంచినా నొప్పి ఉండదు.

జ్వరం, చలి వణుకు ఉన్నా, కీలు మీద పుండు లేదా స్రావం ఉన్నా, ఇలాంటి నొప్పి జీవితంలో మొదటిసారి వచ్చినా చెప్పుల ఆలోచన పక్కనపెట్టి ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. కీలులో చీము పట్టినప్పుడు కూడా పాదం ఇలాగే కనిపిస్తుంది.

2. కీలును గుర్తుపెట్టి పాదం కొలవండి

ఈ వ్యాసంలో ఒక్క అంచెనే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. దుకాణంలో మడమ నుంచి వేలికొస వరకే కొలుస్తారు. గౌట్ పాదానికి ఆ కొలత సగమే.

కావలసినవి: రెండు తెల్ల కాగితాలు, పెన్సిలు, స్కేలు, దర్జీలు వాడే కొలత టేపు, సాయానికి ఒక మనిషి.

- మంట పూర్తిగా తగ్గాక, సాయంత్రం పూట, రోజూ వేసుకునే మేజోళ్ళు తొడుక్కుని కొలవండి. ఉదయానికీ సాయంత్రానికీ పాదం కొంత ఉబ్బుతుంది.
- కాగితాన్ని గోడకు ఆనించి నేలకు అతికించండి. మడమ గోడకు తగిలేలా, బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా ఉండేలా నిలబడండి. కూర్చుని కొలిస్తే పాదం పరచుకోదు కనుక కొలత తక్కువ వస్తుంది.
- రెండో మనిషి పెన్సిలును నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయాలి. పెన్సిలు లోపలికి వాలితే వెడల్పు తగ్గిపోతుంది, అదే తరచుగా జరిగే పొరపాటు.
- బొటనవేలి కీలు అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చిన చోట ఒక చుక్క, చిటికెనవేలి మొదట్లో ఉన్న కీలు దగ్గర ఇంకొక చుక్క పెట్టి, రెండింటినీ గీతతో కలపండి. ఏటవాలుగా వచ్చే ఈ గీతనే వంపుగీత అందాం.
- నాలుగు కొలతలు రాసుకోండి: మడమ నుంచి పొడవైన వేలి కొస వరకు, మడమ నుంచి బొటనవేలి కీలు చుక్క వరకు, వంపుగీత పొడవు, వంపుగీత మీదుగా పాదం చుట్టుకొలత.
- రెండో పాదానికీ ఇలాగే చేసి, పెద్దగా వచ్చిన పాదాన్ని లెక్కలోకి తీసుకోండి. ఆ గీతను అట్టముక్క మీదికి దింపి కత్తిరించి దాచుకోండి, దుకాణానికి వెళ్ళేటప్పుడు అది మీ చేతిలో ఉండాలి.

వంపుగీతకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అడుగు వేసి మడమ లేపే క్షణంలో పాదం వంగేది సరిగ్గా ఆ గీత మీదే. మామూలు నడకలో బొటనవేలి కీలు 40 నుంచి 60 డిగ్రీల దాకా పైకి వంగుతుంది, అదే సమయంలో ఒళ్ళు బరువంతా దాని మీదుగా ముందుకు సాగుతుంది. షూ అట్ట (అడుగున ఉండే సోల్) కూడా ఆ గీత దగ్గరే వంగితే కీలుకు తోడుగా ఉంటుంది. సెంటీమీటరు ముందుకో వెనక్కో వంగితే ప్రతి అడుగులోనూ కీలుతో పోట్లాడుతుంది.

వెడల్పు చాలలేదని సైజు పెంచినప్పుడు ఇదే దెబ్బతింటుంది. మన దుకాణాల్లో ఎక్కువగా వాడే బ్రిటిష్ కొలతలో ఒక్కో సైజుకు పొడవు దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, వెడల్పు పెరిగేది దానిలో కొద్ది భాగమే. వంపు చోటు ముందుకు జరుగుతుంది, మడమ జారుతుంది, జారే షూను పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకుంటాయి. ఒకప్పుడు దుకాణంలో "ఒక సైజు పెద్దది తీసుకోండి, వదులుగా ఉంటుంది" అని చెప్పిన మాట విని ఆఫీసు షూ కొన్నాను. మూడు వారాల తర్వాత లోపలి ఇన్‌సోల్ తీసి చూస్తే ఐదు వేళ్ళ కొసలూ గోళ్ళతో గీరినట్టు గుంటలు పడి ఉన్నాయి, బొటనవేలి గుంట మిగిలినవాటికి రెండింతలు లోతుగా ఉంది. షూ ఊడిపోకుండా నా వేళ్ళు దాన్ని ఎంతగా పట్టి ఉంచాయో ఆ గుంటలను చూశాకే నాకు తెలిసింది.

3. ఇంట్లో ఉన్న జతలను పరీక్షించండి

కొత్తవి కొనేముందు ఇంట్లో ఉన్న ప్రతి జతకూ ఈ పరీక్షలు చేయండి.

- ఇన్‌సోల్ బయటికి తీసి, అట్టముక్కను దాని మీద పెట్టండి. అట్టముక్క ఎక్కడైనా పక్కకు పొడుచుకొస్తే, అక్కడ షూ పాదాన్ని నొక్కుతున్నట్టే.
- షూ ముందు కొసను, మడమను రెండు చేతులతో పట్టి వంచండి. వంపుగీత దగ్గర వంగాలి. పాదం మధ్యలో పుస్తకంలా మడత పడితే ఆ జత పనికిరాదు.
- గుడ్డ పిండినట్టు మెలితిప్పండి. సులభంగా మెలిపడకూడదు.
- మడమ వెనుక గోడను బొటనవేలితో నొక్కండి. లోపలికి కుంగిపోకూడదు.
- మడమ ఎత్తు కొలవండి. రెండున్నర సెంటీమీటర్లు దాటితే బరువు ముందుకు, అంటే బొటనవేలి కీలు మీదికి వచ్చి పడుతుంది.
- లోపల చెయ్యి పెట్టి, కీలు ఆనుకునే చోట కుట్టు, అతుకు, గట్టి అంచు ఉన్నాయేమో తడిమి చూడండి.
- అట్ట అడుగును చూడండి. ఒక పక్కే అరిగిపోతే షూ వాలిపోయి పాదాన్ని కూడా వాల్చేస్తుంది.

మనం ఎక్కువగా వాడే హవాయి చెప్పుల గురించి వేరుగా చెప్పాలి. దాని పట్టీ లోపలి కొమ్మ చాలామందికి బొటనవేలి కీలు మీదుగానో, దానికి ఆనుకునో పోతుంది. పైగా వెనుక పట్టీ లేదు కనుక చెప్పు జారకుండా అడుగడుగునా వేళ్ళు బిగించాలి. బొటనవేలిని రింగులో దూర్చే చెప్పులైతే వాచిన వేలిని ఉచ్చులో పెట్టినట్టే. గౌట్ ఉన్నవారు ఈ రెంటినీ స్నానాల గది వరకు పరిమితం చేయడం మంచిదని నా అభిప్రాయం, అక్కడ కూడా జారని అడుగు ఉంటేనే.

4. మంట దశలో

ఈ రోజుల్లో అన్నిటికంటే మంచి పాదరక్ష నడవకపోవడమే. అయినా మరుగుదొడ్డికి వెళ్ళక తప్పదు, వైద్యుని దగ్గరకు వెళ్ళక తప్పదు.

- మెట్టెలు ఉన్నవారు బొటనవేలిలో సలుపు మొదలవగానే తీసేయండి. వాపు పక్క వేలికి పాకాక అవి రావు. బిగుసుకుంటే సబ్బునీటితో ప్రయత్నించండి, రాకపోతే లాగకుండా వైద్యునితో కత్తిరింపించండి.
- పాత కాన్వాస్ షూ ఒకటి తీసుకుని, బొటనవేలి కీలు ఆనే చోట రూపాయి బిళ్ళకు రెండింతలు ఉండేలా కిటికీలా కత్తిరించండి. కత్తిరించిన అంచు కీలు మీదికి రాకుండా కిటికీ పెద్దదిగానే ఉండాలి. మధుమేహం వల్ల పాదంలో స్పర్శ తగ్గినవారు మాత్రం ఇది చేయకూడదు. ఆ అంచు కోసుకుపోయినా వారికి తెలియదు.
- కత్తిరించడం ఇష్టం లేకపోతే, ముందు భాగం తెరిచి ఉండి, వెల్‌క్రో పట్టీ పాదం మీదుగా వెనకకు వచ్చే శాండిల్, వెనుక పట్టీ తప్పనిసరిగా ఉన్నది, వాడండి. మధుమేహం ఉన్నవారికి వైద్యులు రాసే ఎం.సి.ఆర్. (సన్నని గాలి రంధ్రాలున్న మెత్తని రబ్బరు) చెప్పులు మెత్తదనానికి మంచివే. అయితే మెత్తని పొర కింద గట్టి అట్ట లేనివి కీలు దగ్గర ఇట్టే వంగిపోతాయి, అవి వద్దు.
- చేతికర్ర పట్టుకుంటే నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోండి. నొప్పి ఉన్న వైపే పట్టుకోవడం చాలామంది చేసే తప్పు.
- పాదాన్ని దిండు మీద ఎత్తి ఉంచి, గుడ్డలో చుట్టిన ఐసును ఇరవై నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు పెట్టవచ్చు. స్పర్శ లేనివారికి, కాళ్ళకు రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారికి ఐసు వద్దు. వేడి కాపడం, నూనె మర్దన ఈ దశలో మంటను పెంచుతాయి.

యూరిక్ యాసిడ్ తగ్గించే మందు ఇప్పటికే వాడుతున్నవారు, మంట లేచిందని దాన్ని సొంతంగా ఆపకూడదు. ఇది పాదరక్షల మాట కాకపోయినా, ఈ పొరపాటు వల్ల మళ్ళీ మళ్ళీ మంచం పట్టినవారిని చూశాను కనుక చెప్పక తప్పలేదు.

5. తగ్గుదల దశలో

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నొప్పి సగానికి తగ్గగానే సెలవు అయిపోయిందని ఆఫీసు షూ తొడుగుతారు. కీలు లోపల వాపు ఇంకా ఉంటుంది. దానికి ఈ వారం కావలసింది వంగకుండా ఉండే అవకాశం.

గట్టి అట్ట, ముందు కొస పడవ మూతిలా కొంచెం పైకి లేచిన షూ ఈ దశకు తగినది. దీన్ని రాకర్ సోల్ అంటారు. పాదం వంగే బదులు షూయే ముందుకు దొర్లుతుంది కనుక కీలు దాదాపు కదలకుండానే అడుగు పడుతుంది. పాదం కింద మరీ మెత్తగా కుంగే షూ నిలబడినప్పుడు హాయిగా ఉంటుంది గాని, అడుగు వేసినప్పుడు బొటనవేలు అందులో కూరుకుపోయి మరింత వంగుతుంది. చేత్తో నొక్కి మెత్తదనం చూసి కొనేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

- మొదటి రెండు రోజులు ఇంట్లో మాత్రమే, పది పదిహేను నిమిషాల చొప్పున వేసుకోండి.
- షూ విప్పాక కీలును చూడండి. అరగంట తర్వాత కూడా ఎర్రని గుర్తు మిగిలితే, అక్కడ ఒత్తిడి ఉన్నట్టు.
- మరుసటి ఉదయం నొప్పి పెరగకపోతేనే సమయం పెంచండి.
- మెట్లు ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద ఆనించండి. మునివేళ్ళ మీద ఎక్కితే కీలు పూర్తిగా వంగుతుంది.

కొండకు నడిచి వెళ్ళే మొక్కు ఉన్నవారు ఈ వారాల్లో బయలుదేరకండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. చెప్పులు లేని పాదంతో ప్రతి మెట్టుకూ కీలు వంగుతుంది, చెమటతో ఒంట్లో నీరు తగ్గితే యూరిక్ యాసిడ్ సాంద్రత కూడా పెరుగుతుంది. నెమ్మది దశ కొన్ని వారాలు నిలిచాక, నీళ్ళు తాగుతూ, ఆగి ఆగి వెళ్ళడం వేరు. మొక్కును వాయిదా వేసుకోవడంలో తప్పు లేదు.

6. రోజూ వాడే జత కొనడం

నెమ్మది దశలోనే కొనండి. సాయంత్రం వెళ్ళండి. అట్టముక్క, కొలతల కాగితం, మేజోళ్ళు వెంట తీసుకెళ్ళండి. డబ్బా మీద రాసిన సైజు అంకెను నమ్మకండి, ఒక్కో తయారీదారు కొలత ఒక్కోలా ఉంటుంది.

- ఇన్‌సోల్ బయటికి తీసి అట్టముక్కతో పోల్చండి. ఇన్‌సోల్ ఊడి రాని షూ కన్నా ఊడి వచ్చే షూ మేలు, తర్వాత వేరే ఇన్‌సోల్ వేసుకునే వీలుంటుంది.
- నిలబడినప్పుడు పొడవైన వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.
- వేళ్ళు లోపల విడివిడిగా కదలాలి. ముందు భాగం మొనదేలి ఉండకూడదు, గుండ్రంగానో చదరంగానో ఉండాలి.
- కీలు మీద వచ్చే పైభాగం మెత్తని తోలు లేదా సాగే జాలీ గుడ్డ అయి ఉండాలి. గట్టి ప్లాస్టిక్ అలంకారాలు, బ్రాండు గుర్తుల అతుకులు అక్కడ ఉండకూడదు.
- లేసులు గాని వెల్‌క్రో గాని ఉండాలి. వాపు పెరిగినప్పుడు వదులు చేసుకోవడానికి, తగ్గినప్పుడు బిగించుకోవడానికి అదొక్కటే మార్గం. లేసులు లేకుండా దూర్చుకునే షూ ఒక్క కొలతకే కుదురుతుంది.
- గట్టి నేల మీద ఐదు నిమిషాలు నడవండి. దుకాణంలోని తివాచీ మీద అన్నీ బాగానే ఉంటాయి.

"వాడగా వాడగా సాగుతుంది" అన్న మాటకు తలొగ్గకండి. సాగేవరకు ఆ సాగదీసే పని మీ కీలే చేయాలి.

కర్మాగారాల్లో సేఫ్టీ షూ తప్పనిసరి అయినవారికి ఎంపిక తక్కువ. అలాంటివారు షూ ముందు కొసలో వేళ్ళ మీద ఉండే ఉక్కు తొడుగు వెనుక అంచు కీలు మీద పడకుండా ఉన్నదీ, వెడల్పు ఎక్కువగా ఉన్నదీ ఇప్పించమని వైద్యుని చీటీతో అడగాలి. మంట దశలో ఆ షూతో పనికి వెళ్ళకుండా కూర్చుని చేసే పని కోరడమే సరైనది.

7. లేసులు, మేజోళ్ళు, సవరణలు

లేసును బొటనవేలి కీలుకు దగ్గరగా ఉన్న మొదటి జత రంధ్రాల్లో దూర్చకుండా రెండో జత నుంచి మొదలుపెట్టండి. ముందు భాగం వెంటనే వదులవుతుంది. చీలమండ దగ్గర మాత్రం చివరి రంధ్రం వరకు బిగించండి. అక్కడ పట్టు ఉంటేనే పాదం ముందుకు జారి వేళ్ళు కొసకు గుద్దుకోకుండా ఉంటాయి.

మేజోళ్ళు తిరగేసి వేళ్ళ దగ్గర కుట్టు చూడండి. లావు కుట్టు ఉంటే తిరగేసి తొడుక్కోండి, ఎవరికీ కనిపించదు. చలికాలంలో పాదాలు వెచ్చగా ఉంచడం మంచిది. యూరేట్ (స్ఫటికాలు కట్టే యూరిక్ యాసిడ్ లవణం) చల్లదనంలో తక్కువగా కరుగుతుంది, ఒంట్లో చల్లగా ఉండే భాగాల్లో పాదం ఒకటి.

ఉన్న తోలు షూ కీలు దగ్గర మాత్రమే బిగుతుగా ఉంటే పారేయనక్కరలేదు. కీలు ఆనే చోట లోపల సుద్దముక్కతో గుర్తు పెట్టి, చెప్పులు కుట్టే అతని దగ్గరకు తీసుకెళ్ళి, ఆ ఒక్క చోటే చెక్క అచ్చు పెట్టి సాగదీయమనండి. ఒక రాత్రి ఉంచితే తోలు లొంగుతుంది. రెక్సిన్ షూ సాగదు, చిరుగుతుంది.

8. ఇంట్లో, చెప్పులు విడిచే చోట

గుమ్మం బయటే చెప్పులు విడిచే అలవాటు మనది. గ్రానైటు, పాలరాయి నేల మీద ఉత్తపాదంతో పొద్దుటి నుంచి వంటింట్లో నిలబడే ఆడవాళ్ళకు, బయట ఎంత మంచి షూ వాడినా, రోజులో ఎక్కువ గంటలు రక్షణ ఉండదు. ఇంటికోసమే కేటాయించిన, వెనుక పట్టీ ఉన్న, ఉతికి శుభ్రంగా ఉంచిన జత ఒకటి పెట్టుకోండి. పూజగదికి అభ్యంతరమైతే అక్కడ మాత్రం విడిచి, మెత్తని చాప మీద నిలబడండి. గుడిలో ఎండకు కాలిన బండల మీద నడవవలసి వస్తే ఉదయం పూట వెళ్ళండి.

9. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు, వాటి సవరణ

- మడమ జారుతోంది: షూ పెద్దది. మడమ దగ్గర మెత్త అతికించే ముందు పై రంధ్రాల లేసు బిగించి చూడండి. ఇంకా జారితే పొడవు తగ్గించి, వెడల్పున్న నమూనా తీసుకోండి.
- బొటనవేలి నొప్పి తగ్గి పాదం బయటి అంచు నొప్పి పెడుతోంది: నొప్పిని తప్పించడానికి పాదాన్ని బయటికి వాల్చి నడుస్తున్నారు. గట్టి అట్టకు మారి, అడుగులు చిన్నవిగా వేయండి.
- ఇన్‌సోల్ వేశాక కీలు పైనుంచి నొక్కుకుపోతోంది: ఇన్‌సోల్ మందం పాదాన్ని పైకి లేపింది. పాతది తీసేశాకే కొత్తది వేయాలి, రెండూ కలిపి వేయకూడదు.
- కీలు మీద తెల్లని గడ్డ రాసుకుంటోంది: దాని మీద మెత్త పెడితే ఒత్తిడి పెరుగుతుంది. గడ్డ చుట్టూ వలయంలా మెత్త పెట్టాలి. చర్మం పలుచబడినా, సుద్దలాంటి పదార్థం వచ్చినా ఆ షూ మానేసి వైద్యునికి చూపించండి. సొంతంగా గిల్లకూడదు.
- కొత్త షూ రెండు గంటలు బాగుంటుంది, తర్వాత నొప్పి: రోజులో పెరిగే వాపుకు చోటు లేదు. మధ్యాహ్నం ఒకసారి లేసు విప్పి తిరిగి కట్టుకోండి. అప్పటికీ తగ్గకపోతే చుట్టుకొలత మళ్ళీ తీయండి.

10. వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళవలసినవి

ఏడాదిలో రెండుసార్లు గాని అంతకు మించి గాని మంట లేస్తుంటే షూ మార్చి లాభం లేదు, మందు గురించి మాట్లాడాలి. నెమ్మది దశలో కూడా బొటనవేలు పైకి వంగకపోతే, కీలు అరిగిపోయి ఉండవచ్చు. అప్పుడు ఎక్స్‌రే అవసరమో లేదో వైద్యుడు చెబుతారు. వెళ్ళేటప్పుడు ఈ నాలుగూ సంచిలో పెట్టుకోండి:

- ఎక్కువగా వాడిన పాత జత, ఇన్‌సోల్‌తో సహా
- పాదం గీసిన కాగితం, తేదీ వేసి
- మంట లేచిన తేదీలు, ఆ రోజుల్లో వేసుకున్న జత
- వాడుతున్న మందులన్నీ, బి.పి.కి, గుండెకు వాడేవాటితో సహా. ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. అలాగని వాటిని అడగకుండా మానకండి.

పాదం గీసిన కాగితాన్ని ఏడాదికొకసారి, పెద్ద మంట తగ్గిన ప్రతిసారీ కొత్తగా గీయండి. పాత కాగితం మీద కొత్తది పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, బొటనవేలి కీలు చుక్క ఎంత జరిగిందో కనిపిస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి జరిగి ఉంటే, అప్పటిదాకా సరిపోయిన షూను మళ్ళీ మూడో అంచె పరీక్షలకు పెట్టండి.